ఊదా వెలుగులో పెట్టిన చేతులు

కుందారపల్లి బడిలో పొద్దున పిల్లలకు టిఫిన్ వండి పెట్టే పని పచ్చయమ్మది. ఆమె చేతి ఉప్మాకు పిల్లలు తిన్న తట్టలు నాకేవాళ్లు. ఆ చేతుల మీద బొల్లి మచ్చలు లేచినప్పటి నుంచి కొందరు తల్లులు మూతి విరవసాగారు. వేసవి సెలవులిచ్చిన రోజు హెడ్‌మిస్ట్రెస్ ఆమెను పక్కకు పిలిచింది.

"బడి తెరిచేలోపల చూపించుకో పచ్చయమ్మా. అది అంటుకొనేది కాదని నాకు తెలుసు. వాళ్లకు ఎవరు చెప్పి ఒప్పించేది?"

మొగుడు పోయాక ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ బడి పొయ్యి వల్లే. అది ఆరితే ఇదీ ఆరుతుంది.

చర్మ డాక్టరు ఆమెను కృష్ణగిరిలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు పంపాడు. అక్కడ శక్తి అనే అమ్మాయి మచ్చలకు లైటు పెట్టేది. కళ్లకు నల్లద్దాలు తగిలించి, చేతులను ఒక పెట్టెలో పెట్టించేది. లోపల ఊదా రంగు వెలుగు. పెట్టీ పెట్టకముందే తీసెయ్యమనేది.

"ఇంతేనా పాపా? చలి కాచుకున్నంత సేపు కూడా లేదే!"

"ఇంతే మా. ఈ లైటు కాల్చేటప్పుడు చెప్పదు, కాల్చినాక చెప్తుంది. కొంచెం కొంచెంగానే పెంచాల. చేతులకు ఏమన్నా పూసుకొని వచ్చినావా?"

"ఏమీ లేదు పాపా."

పోయిన ప్రతిసారీ శక్తి ఆ మాట అడిగేది.

మచ్చల మధ్య రంగు తిరిగొస్తూ ఆవగింజంత నల్ల చుక్కలు తేలాయి. బడి తెరిచే దినం మాత్రం వాటికంటే వేగంగా దగ్గరికొచ్చేసింది. పక్కింటి అంగాళమ్మ ఆమె చేతులు తిప్పి చూసి నవ్వింది.

"ఈ చుక్కలు కలిసేలోపల ఆ పిల్లోళ్లు కాలేజీకి పోతారక్కా! మా అవ్వ బొల్లికి బావంచాల గింజల నూనె పూసి ఎండలో కూర్చోబెడతా ఉండె. హోసూరు నాటుమందుల అంగట్లో దొరుకుతాది. తెస్తానుండు."

అన్నట్టే తెచ్చింది. చిక్కటి నూనె, ఘాటు వాసన. పచ్చయమ్మ సీసా పట్టుకుని ఆలోచించింది. ఎండ తగిలితే పని చేసే మందు ఇది. క్లినిక్‌లో పెట్టె ఎండకంటే గట్టిది. పప్పు ఉడకకపోతే ఆమె చిటికెడు సోడా వేసేది, మంటా పెంచేది. ఇదీ అంతే అనిపించింది.

పొద్దున్నే నూనె పట్టించి, గుడ్డతో తుడుచుకుని, బస్సెక్కింది.

"ఏమన్నా పూసినావా మా? వాసనొస్తా ఉంది."

"వంట చేసే చేతులు పాపా. నూనె వాసన రాకుంటే మల్లెపూల వాసన వస్తుందా?"

శక్తి నవ్వేసి పెట్టె తెరిచింది.

ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడు చేతులు ఎర్రబడ్డాయి. మందు పట్టిందని సంబరపడి, ఇంకో పూత పూసి, వాకిట్లో ఎండకు కూర్చుంది. మరుసటి పొద్దుటికి వేళ్లు ముడుచుకోలేదు. చేతుల నిండా బొబ్బలు. కొంగు తగిలినా ప్రాణం విలవిల్లాడింది.

క్లినిక్‌లో ఆ చేతులు చూడగానే శక్తి లైటు పెట్టె మూసేసింది.

"ఏం పూసినావు? ఇప్పుడన్నా చెప్పు మా."

పచ్చయమ్మ చెప్పింది.

"అయ్యో! ఆ నూనె పడితే చర్మం వెలుగుకు తట్టుకోలేదు మా. అందుకే కదా అన్నిసార్లు అడిగినాను! ఎందుకు చెప్పలేదు?"

"చెప్పింటే రెండిట్లో ఒకటి మానుకోమంటావు. నాకు రెండూ కావాల్సొచ్చె."

శక్తి ఆమెను వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. చర్మం వస్తుందని, రంగు వచ్చేది మాత్రం నమ్మకం లేదని, కాలిన చోట కొత్త మచ్చలు కూడా లేవచ్చని అక్కడి డాక్టరు చెప్పాడు. కట్లు కట్టి పంపారు.

బడి తెరిచిన పొద్దున పచ్చయమ్మ ఆ కట్లతోనే పోయింది. వంటగదిలో పొయ్యి అప్పటికే మండుతోంది. గరిటె అంగాళమ్మ చేతిలో ఉంది.

"మేడమ్మే పిలిపించిందక్కా," అంది అంగాళమ్మ, తల ఎత్తకుండా. "నీ చేతులు బాగయ్యేంత వరకే."

పచ్చయమ్మ కట్ల వైపు చూసుకుంది. వాటి కింద ఏముందో ఇద్దరికీ తెలుసు. బయట పిల్లలు తట్టలు పట్టుకుని వరుస కడుతున్నారు. పొయ్యి మీద నుంచి రవ్వ అడుగంటుతున్న వాసన వచ్చింది. ఆమె చెయ్యి తనకు తానే ముందుకు సాగి, గరిటె దాకా పోయి, ఆగిపోయింది.

"అడుగునుంచి తిప్పు," అంది పచ్చయమ్మ. "మాడిస్తే పిల్లోళ్లు తినరు."