ఆరు సన్న గీతలు

మా అన్నయ్య నన్ను కొత్తవాళ్లకు పరిచయం చేసేటప్పుడల్లా ఒకటే మాట అనేవాడు. "ఊళ్లో పనీపాటా లేనివాళ్లంతా ఈకలు పీకుతుంటారు. మా చెల్లి ఒక్కతే అతికిస్తుంది." ఎదుటివాళ్లు నవ్వేలోపే తనే పడీపడీ నవ్వేవాడు.

నిజానికి నా పని అదే. సింగపులుగుల టపా స్టేషన్లో విరిగిన ఈకలు బాగుచేస్తాను. పుస్తకాల్లో వాటిని గ్రిఫిన్లని రాస్తారు. ముందు సగం డేగ, వెనక సగం సింహం. రెక్కలో పెద్ద ఈక ఒకటి విరిగితే, కిందటేడు రాలిన ఈకను అదే కొలతకు కోసి, నడుమ సన్నటి వెదురుపుల్ల దూర్చి, మొదలుకు అతుకుతాను. మళ్లీ ఈకలు రాలే కాలం దాకా ఆ జీవి, దాని మీద కూర్చున్న మనిషి ఆ అతుకును నమ్ముకునే ఎగరాలి.

మా స్టేషన్లో మూడు రకాలుండేవి. మైదానం రకం పొడుగు కాళ్లవి, నెమ్మదస్తులు. ఎవరు ఎక్కినా మోస్తాయి, ఏది పెట్టినా తింటాయి. చిత్తడి రకానివి పొట్టి రెక్కలు, ముక్కు మీద కోపం. ఆ ముక్కు కూడా ఏడాది పొడుగునా కారుతూనే ఉంటుంది, తుడవబోతే వేలు ఊడొస్తుంది. కొండ రకం సంగతి వేరు. గుడ్డులోంచి వచ్చిన తొమ్మిదో రోజున పిల్ల కళ్లు తెరుస్తుంది. అప్పుడు ఎవరి మొహం కనబడితే, బతికినన్నాళ్లూ అది వాళ్లదే. ఇంకొకరిని దరికి రానివ్వదు.

అన్నయ్య ఆ తొమ్మిది రోజులూ పాకలో గడ్డి మీదే పడుకున్నాడు. నుదుట నల్లటి చుక్క ఉందని పిల్లకు మసిబొట్టు అని పేరు పెట్టాడు. ఆ పిల్ల పెద్దదయ్యాక, పదకొండేళ్ల పాటు కొండదారి టపా వాళ్లిద్దరిదే. మా వదిన టపా సంచులు కుట్టేది. "నాకు సవతి పోరు ఉందండీ. పైగా దానికి తోక కూడా ఉంది" అని అందరి దగ్గరా వేళాకోళమాడేది.

మా నాన్న స్టేషన్ పెద్ద. ఒకప్పుడు ఆయన కూడా కొండదారి రౌతే. మోకాలు దెబ్బతిన్నాక బల్ల దగ్గరికి మారాడు.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఒక ఉదయం అన్నయ్య టపా సంచి కట్టుకుని బయల్దేరాడు. సాయంత్రానికి రావాలి, రాలేదు. మర్నాడు నాన్న ముగ్గురు రౌతుల్ని వెతకడానికి పంపాడు. మూడో రోజు మంచుగాలి లేచింది. ఒక రౌతుకు చెయ్యి విరిగింది. ఇంకో జత లోయలో పడబోయి వెంట్రుకవాసిలో బయటపడింది. ఆ సాయంత్రం నాన్న వెతుకులాట ఆపించేశాడు.

ఆపించి నేరుగా వదిన దగ్గరికి వెళ్లాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"అమ్మా, ఆ ఎత్తు నుంచి పడితే మనిషికి తెలిసేలోపే అంతా అయిపోతుంది. వాడు నొప్పి పడలేదు. నా మాట నమ్ము" అన్నాడు.

వదిన నమ్మింది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆ రోజులు గడిపింది.

బయల్దేరిన పధ్నాలుగో రోజు పొద్దున మసిబొట్టు వచ్చింది. ఎగిరి రాలేదు, నడిచి వచ్చింది. ఎడమ రెక్క నేల మీద ఈడ్చుకుపోతోంది. జీను కడుపు కిందికి జారిపోయింది. రొమ్ము మీద మెత్తటి నూగు ఈకలు మొత్తం ఊడి, ఎర్రటి చర్మం కనబడుతోంది. ముక్కు మీద, గోళ్ల మీద ఎండిన రక్తం.

గేటు దగ్గర గుమిగూడినవాళ్లలో ఎవరో "తినేసింది" అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నానికల్లా ఆ మాట ఊరంతా పాకింది.

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. "మేక రక్తమో, మనిషి రక్తమో ఎండిపోయాక నేను చెప్పలేనమ్మా" అన్నాడు. రౌతు లేకుండా రక్తపు ముక్కుతో తిరిగొచ్చిన జీవిని ఉంచకూడదని స్టేషన్ నియమం. మర్నాడు పొద్దున సూది వెయ్యాలని కాగితం రాశాడు. వదిన గేటు దాకా వచ్చింది గానీ లోపల అడుగు పెట్టలేదు. "అది బతికుంటే నేను ఈ ఊళ్లో ఉండను" అని అక్కడి నుంచే చెప్పి వెళ్లిపోయింది. నాన్న కాగితం మీద సంతకం పెట్టాడు. కలం మూత పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

చంపబోయే జీవికైనా సరే, ఈకల నివేదిక రాసి తీరాలి. అందుకని ఆ మధ్యాహ్నమే నేను పాకలోకి వెళ్లాను.

భయపడలేదంటే అబద్ధం. మసిబొట్టు తలెత్తి నా భుజం దగ్గర వాసన చూసింది. అన్నయ్య పాత కోటు వేసుకుని ఉన్నాను. దాని గొంతులోంచి సన్నటి గురగుర మొదలై, అంతలోనే ఆగిపోయింది. ముక్కు తీసి గడ్డిలో పెట్టుకుంది. ఆ వాసనకే కాబోలు నన్ను దగ్గరికి రానిచ్చింది.

ముందు రొమ్ము చూశాను. పుళ్లు లేవు, కాట్లు లేవు. నూగు వరసగా, శుభ్రంగా పీకి ఉంది. కొండ రకం ఆడవి గూటిలో పిల్లలకు చలి తగలకుండా పరచడానికే అలా పీక్కుంటాయి. మసిబొట్టుకు పిల్లల్లేరు.

డాక్టరు దగ్గరికి పరిగెత్తి చెప్పాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఓపిగ్గానే విన్నాడు. "పేలు పట్టినా ఇలాగే పీక్కుంటాయి కదమ్మా. ఇది పట్టుకుని నేను కాగితం మార్చలేను" అన్నాడు.

మళ్లీ వెళ్లి కుడి రెక్క విప్పాను. అందులో కొత్తగా పెరుగుతున్న ఈక ఒకటుంది. ఈక రోజుకు చిటికెన వేలి గోరంత పెరుగుతుంది. పగలు పెరిగినది ముదురు రంగు, రాత్రి పెరిగినది లేత రంగు. రెండూ కలిస్తే ఒక రోజు గీత. ఈక మొదలు నుంచి పెరుగుతుంది కాబట్టి అన్నిటికంటే కొత్త గీత మొదలు దగ్గరే ఉంటుంది. కడుపు నిండిన రోజు గీత వెడల్పుగా ఉంటుంది. తిండి లేని రోజు గీత దారంలా సన్నబడి, గాజులా పెళుసుగా తయారవుతుంది. దాన్ని ఆకలి గీత అంటాం. చిన్నప్పుడు నా వేలు పట్టుకుని ఈక మీద నడిపిస్తూ ఇదంతా నేర్పింది నాన్నే.

మొదలు నుంచి లెక్కపెట్టాను. ఏడు వెడల్పు గీతలు. విరిగిన రెక్కతో నడుస్తూ, దారిలో మేకల్ని వేటాడుకుంటూ వచ్చిన ఏడు రోజులు. వాటి పైన ఆరు సన్న గీతలు. ఆ పైన మళ్లీ అన్నీ వెడల్పువే. ఏడూ ఆరూ పదమూడు. వాళ్లు బయల్దేరి సరిగ్గా పదమూడు రోజులు.

ఆరు రోజులు అది ముద్ద ముట్టలేదు. తన రొమ్ము నూగు పీకి ఎవరికో పరిచింది. ఇక దాని ప్రాణానికి ఢోకా లేదని నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఆ తర్వాత రెండో సంగతి తట్టింది.

కొండ రకం తన మనిషిలో ఊపిరి ఉన్నంతసేపు పక్క నుంచి కదలదు. వేటకైనా పోదు. ఊపిరి ఆగాక అక్కడ క్షణం నిలవదు. మా స్టేషన్లో గడ్డి వేసేవాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు. వదినకు తెలుసు. నాన్నకు అందరికంటే బాగా తెలుసు.

అన్నయ్య ఆరు రోజులు బతికున్నాడు. మేం మూడో రోజు ఆపేశాం.

రెక్క మడిచి, వెళ్లి నాన్నను పిలుచుకొచ్చాను. రెక్క విప్పి చూపించాను. ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా కిందికి కూర్చుని, బొటనవేలి గోరుతో గీతలు తడుముతూ పోయాడు. ఏడు దాకా పెదాలు కదిలాయి. తర్వాత ఆరూ లెక్కపెట్టాడు. ఆ ఆరింటినీ ఇంకోసారి లెక్కపెట్టాడు.

"నాలుగో రోజు పొద్దున గాలి తగ్గింది" అన్నాడు. "గుమ్మంలో నిలబడి చూశాను కూడా. పంపాల్సింది."

"నాన్నా, ఇది మన ఇద్దరికే తెలుసు. నువ్వు ఆ కాగితం చించెయ్యి. ఈక సంగతి నేను రాయను."

"చించితే? కొడుకుని తిన్నదాన్ని మేపుతున్నాడని ఊరంతా ఉమ్మేస్తుంది. ఊరి సంగతి వదిలెయ్. మీ వదిన జీవితాంతం దీన్ని తిట్టుకుంటూ బతకాలా?" ఆయన రెక్కను జాగ్రత్తగా మడిచి పెట్టాడు. "ఇది ఆరు రోజులు కడుపు మాడ్చుకుని వాణ్ని కాపలా కాసింది. నేను మూడో రోజే చేతులెత్తేశాను. దీన్ని దోషిని చేసి నేను పెద్దమనిషిగా చలామణి కావాలా? పద."

వదిన ఇల్లు రెండు వీధుల అవతల. దారిలో నాన్న ఒక్కసారి కూడా ఆగలేదు. మేం వెళ్లేసరికి ముందు గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. సూదిలో దారం లేదు. చక్రం మాత్రం తిప్పుతోంది.

"అమ్మా, అది వాణ్ని తినలేదు" అన్నాడు నాన్న, నిలబడే. "వాడితోనే ఉంది."

"ఎలా తెలుసు?"

నేను రొమ్ము సంగతి చెప్పాను. ఈక సంగతి చెప్పాను. ఎన్ని గీతలో మాత్రం చెప్పలేదు. వదిన అదే అడిగింది.

"ఎన్ని రోజులు?"

"ఆరు" అన్నాడు నాన్న.

చక్రం ఆగింది. వదిన ఆయన మొహంలోకి చూసింది.

"అయితే నాలుగో రోజు?"

"ఉన్నాడమ్మా."

"ఐదో రోజు?"

"ఉన్నాడు."

"ఆరో రోజు కూడా?"

నాన్న తల ఊపాడు.

"నొప్పి తెలియకుండా పోయాడని చెప్పారు మామయ్యగారూ. మీ మాట నమ్మమన్నారు."

"చెప్పాను. నిజం తెలియకుండానే చెప్పాను. నువ్వు తట్టుకోలేవనుకున్నాను. కాదు, నేనే తట్టుకోలేకపోయాను."

వదిన లేచి మిషను మీద గుడ్డ కప్పింది. నాలుగు మూలలూ సర్దింది. నా వైపు తిరిగి, "నన్ను దాని దగ్గరికి తీసుకెళ్లు" అంది. నాన్న పక్క నుంచే నడిచి వెళ్లింది గానీ ఆయన వైపు చూడలేదు.

పాకలో వదిన మసిబొట్టుకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. ఆ బోడి రొమ్ము మీద అరచెయ్యి పెట్టింది. ఇంకొకరిని తాకనివ్వని జీవి ఆ చేతిని తియ్యమనలేదు. "నీకైనా తోడు దొరికాడే ఆరు రోజులు" అంది వదిన. ఆ తర్వాత ఏడ్చింది. పధ్నాలుగు రోజుల్లో ఆమె గొంతు విప్పి ఏడవడం అదే మొదటిసారి.

సూది కాగితం రద్దయింది. మంచు తెరిపిచ్చాక రౌతులు మసిబొట్టు నడిచొచ్చిన జాడ పట్టుకుని వెళ్లి, ఒక రాతి గుహలో అన్నయ్యను కనుక్కున్నారు. కాలు తొడ దగ్గర విరిగింది. ఒంటి నిండా నూగు ఉంది. చొక్కాలో కుక్కుకున్నాడు, చేతి తొడుగుల్లో కుక్కుకున్నాడు, బూట్లు విప్పి వాటిలో కూడా పెట్టుకుని మళ్లీ తాళ్లు కట్టుకున్నాడు. ఈ సంగతి ఒక రౌతు నాకొక్కదానికే చెప్పాడు. నేను ఇంకెవరికీ చెప్పలేదు.

అంత్యక్రియలయ్యాక వదిన వాళ్లక్క ఊరికి వెళ్లిపోయింది. నాన్న ఉద్యోగం మానేశాడు. రోజూ మసిబొట్టుకు మాంసం ఆయనే పట్టుకెళ్లేవాడు. ఆయన అక్కడ నిలబడి ఉన్నంతసేపు అది ముట్టేది కాదు. అది తినాలని ఆయనే పాక బయటికి వచ్చేసేవాడు. దాని రెక్కకు నేను తొమ్మిది ఈకలు అతికాను. నా చేతి పనిలో అంత గట్టి అతుకులు ఇంకెప్పుడూ పడలేదు. అది ఒక్కసారి కూడా రెక్క విప్పి ఎగరలేదు. మళ్లీ వానలు మొదలయ్యే ముందు ఒక ఉదయం లేవనేలేదు.

ఉత్తరం రాస్తే వదిన వచ్చింది. దాన్ని పూడ్చిన చోటికి తీసుకెళ్లాను. తిరిగొచ్చాక వంటింట్లో ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం. నాన్న వరండాలో ఉన్నాడు. వదిన గ్లాసు కింద పెట్టి అడిగింది.

"ఒక్క మాట చెప్పు. ఆ ఆరు రోజులూ ఆయనకు తెలివి ఉందా?"

విప్పి మళ్లీ కట్టిన బూటు తాళ్లు నా కళ్ల ముందు మెదిలాయి.

"లేదు వదినా" అన్నాను, గ్లాసులోకి చూస్తూ. "మొదటి రోజే స్పృహ తప్పి ఉంటుంది. ఏమీ తెలిసి ఉండదు."

ఆమె నా మొహంలోకి చూసింది.

"మీ ఇంట్లో అందరికీ అబద్ధం చెప్పడం ఒకేలా వచ్చు" అంది. గొంతులో కోపం లేదు. "మీ నాన్న కూడా ఆ రోజు ఇలాగే చూపు తిప్పుకున్నారు."

ఆమె గ్లాసులు రెండూ కడిగి బోర్లించింది. సంచి భుజానికి తగిలించుకుని వరండాలోకి వెళ్లింది. అన్ని నెలలుగా ఆయనతో ఒక్క మాట లేదు. మెట్టు దిగబోయి ఆగింది.

"మామయ్యగారూ, ఈదురుగాలి కొడుతోంది. లోపల కూర్చోండి" అంది.

నాన్న లేవబోతే మోకాలు సహకరించలేదు. వదిన వెనక్కి వచ్చి, ఆయన మోచెయ్యి పట్టుకుని లేపింది. గుమ్మం దాకా నడిపించి, వదిలేసి, బస్సు వేళవుతోందని వెళ్లిపోయింది.