కన్యాదానం దగ్గర ఆగిపోయింది

అల్తాఫ్ కొట్టులో కంప్యూటరు మళ్ళీ అక్కడే మొరాయించింది. పెళ్ళికూతుర్ని గంపలో తెచ్చేవరకు చక్కగా కాపీ అయిన డీవీడీ, కన్యాదానం దగ్గరకు రాగానే గరగరమని, ఇక చదవలేనని తెరమీద ఓ ముక్క చెప్పి ఆగిపోయింది. అల్తాఫ్ డిస్కు బయటికి తీసి వెనక్కి తిప్పాడు. అద్దంలా ఉండాల్సిన వైపు ఎర్రటి మచ్చ, దాని చుట్టూ గీతలు.

ఇదేమిటని అడిగితే డిస్కు తెచ్చిన సుబ్బరత్నం ఏమాత్రం తడుముకోలేదు. "కొత్త సామాను ఏదొచ్చినా బొట్టు పెట్టకుండా వాడతామా అబ్బాయ్? ముందువైపు పిల్లా అల్లుడి ఫొటో ఉందాయె. మొహాల మీద ఎట్టా పెడతాం, అందుకని వెనక పెట్టా." కొన్నాళ్ళు ఆడిన డిస్కు తర్వాత ఆడటం లేదని కొబ్బరిపీచుతో తోమింది కూడానట. ఇక దాన్ని ఏమనాలి!

ఆమె భర్త గోపాలకృష్ణయ్యకు తొందరగా ఉంది. నాదెండ్ల నుంచి పొద్దున్నే నరసరావుపేట వచ్చారు. కూతురు సాయి ప్రియ పెళ్ళిరోజుకి ఆ వీడియో పెన్‌డ్రైవులో కావాలి. కన్యాదానం ముక్క వదిలేసి మిగతాది ఎక్కించమన్నాడు. ఊరుకోక పాత కోపం ఒకటి తవ్వుకున్నాడు.

"అన్నిచోట్లా సినిమా పాటలేసి చంపుతారు, ప్రవర చదివేకాడ మాత్రం పాట వేయొద్దని మీ నాయనకి చిలక్కి చెప్పినట్టు చెప్పా. మా తాత పేరు, మా నాయన పేరు వినపడాలి గదా. సరిగ్గా మా నాయన పేరు కాడే మీ నాయన గొంతేసుకుని అరిచాడు. చెడగొట్టాడు."

అల్తాఫ్ చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

తండ్రి జిలానీ ఊరూరా పెళ్ళిళ్ళు తీసినవాడు. ఎప్పుడూ కెమెరా వెనకే. వేలమంది నవ్వులు పట్టుకున్నాడు గానీ తనెక్కడా దొరకడు. తీసిన టేపు మీదే మరో పెళ్ళి తీసేవాడు, డిస్కుల్లోనేమో మాటలన్నీ పాటల కింద సమాధి. ఫోన్లలో వీడియోలు ఇళ్ళల్లోకి రాకముందే పోయాడు. ఈమధ్య అల్తాఫ్‌కి ఆ గొంతు గుర్తుకు తెచ్చుకుందామంటే మాటలు గుర్తొస్తున్నాయి, గొంతు రావడం లేదు. ఆ సంగతి తలుచుకుంటే భయమేసేది. తల్లికి చెప్పలేదు.

ఆ గొంతు ఇప్పుడు కుంకుమ మచ్చ కింద ఉంది.

ఆ ముక్క తనకి కావాలని, కాసేపు ఓపిక పట్టమని అడిగాడు. ఎందుకో కూడా చెప్పాడు. గోపాలకృష్ణయ్య గొణిగాడు గానీ లేవలేదు.

సబ్బునీళ్ళతో కడిగితే ఎరుపు పోయింది, మచ్చ పోలేదు. టూత్‌పేస్టు కాస్త పూసి, నడిమి నుంచి అంచుకు, మెత్తటి గుడ్డతో నెమ్మదిగా రుద్దాడు. కంప్యూటర్లోది కాదని, మూలపడ్డ పాత డ్రైవు తగిలించాడు. డిస్కును నిదానంగా తిప్పుతూ, చదవలేని చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి చిన్న చిన్న ముక్కలుగా లాగే సాఫ్ట్‌వేరు పెట్టాడు. ఇక చూస్తూ కూర్చోవాలి. అదే అతని వల్ల కాలేదు. లేచాడు, కూర్చున్నాడు, డ్రైవు మీద చెయ్యి పెట్టి వేడి చూశాడు. జిరాక్సు కోసం వచ్చిన మనిషిని ఊరికే కసిరాడు. డ్రైవు గరగరమంటే ప్రాణం ఉసూరుమంది, ఆగితే ఇంకా భయమేసింది.

చివరికి ఓ ముక్క దొరికింది, చిల్లులతో. గబుక్కున నొక్కాడు.

బొమ్మ చదరాలు చదరాలుగా విరిగి అతుక్కుంది. పంతులుగారు ప్రవర చదువుతున్నారు. తెరనిండా గోపాలకృష్ణయ్య వీపూ తలా. తాత పేరు వినిపించింది. తండ్రి పేరు సగంలో ఉండగా, అన్నిటికంటే దగ్గరగా, బొంగురుగా, ఒక గొంతు.

"అన్నా, కాస్త తలొంచన్నా, పాప మొహం కనపడట్లా."

తెరమీద గోపాలకృష్ణయ్య విసుగ్గా తలొంచాడు. ఆ తల వెనక నుంచి సాయి ప్రియ బయటపడింది. ఏడుపు ఆపుకుంటూ తండ్రినే చూస్తోంది. ఒక్క క్షణం, మళ్ళీ బొమ్మ విరిగిపోయింది.

గోపాలకృష్ణయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది నేనెప్పుడూ చూడలా," అన్నాడు. "పేరు పోయిందనే కోపంలో వింటన్నా గానీ, చూళ్ళా." తర్వాత, "మీ అమ్మని పిలువు," అన్నాడు.

బషీరున్నీసా కొట్టు వెనక ఇంట్లోంచి తడిచేతులతో వచ్చింది. ఎందుకో చెప్పకుండానే అల్తాఫ్ మళ్ళీ నొక్కాడు. గొంతు రాగానే ఆమె తెరకేసి చూడలేదు, వీధి గుమ్మంకేసి చూసింది. ఆ చూపు వెనక్కి తిప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

"మళ్ళీ ఏమీ తినకుండా పెళ్ళికి పోయాడు," అంది. "గొంతు చూడు, ఎట్టా పోయిందో."