మామ పొడుగెంత?

మేస్త్రీ ఎల్లప్ప అడిగింది ఒక్కటే మాట. టబ్బు ఎన్నడుగులదో చెబితే బాత్రూమ్ గోడ ఎక్కడిదాకా పగలగొట్టాలో తను చూసుకుంటానన్నాడు. ఆ ఒక్క మాటకు జవాబు దొరక్క భువనేశ్వరికి ఏ పనీ తోచడం లేదు.

టబ్బు కావలసింది ఆమె మామ గోవిందయ్యకు. నగరిలో నాలుగు మరమగ్గాల షెడ్డు, దాని వెనకాలే ఇల్లు. నిన్న మొన్నటిదాకా షెడ్డుకూ ఇంటికీ మధ్య రోజంతా తిరిగిన మనిషి, వానాకాలంలో బాత్రూమ్‌లో జారిపడ్డాడు. తుంటి ఎముకకు కడ్డీ వేశారు. చేతికర్రతో నడుస్తున్నాడు కానీ ఒంగలేడు, బకెట్‌లోంచి చెంబుతో నీళ్లు ముంచుకోలేడు. షవరు కింద నిలబడితే తల దిమ్మెక్కుతుందంటాడు. రోజూ కాసేపు వేన్నీళ్లలో కూర్చుంటే బిగుసుకున్న కీలు సడలుతుందని డాక్టరు చెప్పాడు.

అసలు చిక్కు అది కాదు. గోవిందయ్య స్నానం చెయ్యందే మెతుకు ముట్టడు. చిన్నప్పటి నుంచీ అంతే. కొడుకు సురేంద్ర సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాడు. శనివారం రాత్రి వస్తే సోమవారం తెల్లారకముందే వెళ్లిపోతాడు. ఆదివారం కొడుకు స్నానం చేయిస్తాడు, ఆ రోజు ముసలాయన కడుపునిండా తింటాడు. మిగతా రోజుల్లో తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని, అది స్నానం కిందికి రాదని, మజ్జిగతోనూ అరటిపండుతోనూ సరిపెడతాడు. కోడలు నీళ్లు పోయడమన్న ప్రసక్తే లేదు. ఆస్పత్రి నుంచి మనిషిని పిలిపిస్తామంటే, పరాయివాడి చేతికి ఒళ్లు అప్పగించే గతి తనకింకా పట్టలేదన్నాడు. చొక్కా భుజాల దగ్గర వదులై వేలాడుతోంది. తనంతట తాను దిగి, తనంతట తాను లేవగలిగే టబ్బు దొరికితే ఆ మనిషి మళ్లీ అన్నం తింటాడు. దొరక్కపోతే లేదు. భువనేశ్వరికి అర్థమైనంత వరకు లెక్క ఇదే.

సురేంద్ర ఆరడుగులదే కావాలంటాడు. కంపెనీ వాళ్లు బస ఇచ్చిన ఏదో హోటల్లో చూశాడట, కాళ్లు బార్లా చాపుకుని పడుకోవచ్చట. నాయనకు కొనేటప్పుడు పిసినారితనం దేనికంటాడు. తిరుపతిలో టబ్బులమ్మే అంగడికి ఫోన్ చేస్తే ఐదడుగులది చాలన్నారు. ఆ ఐదడుగులు అంచు నుంచి అంచుకా, లోపలి కొలతా అని ఆమె అడిగితే, అంచు నుంచి అంచుకేననీ లోపల నాలుగో, నాలుగుంపావో ఉంటుందనీ చెప్పారు. అంటే ఐదడుగులది నాలుగడుగులదన్నమాట. ఆమె బుర్ర అక్కడే తిరగడం మొదలుపెట్టింది. గీజరు చూస్తే చిన్నది, పెద్ద టబ్బుకు దాని వేన్నీళ్లు అడుగు కూడా తడపవు. బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులు. టబ్బు నిలువుగా దూరుతుందా, పక్కకు తిప్పితే దూరుతుందా అని ఎల్లప్ప చేతులతో గాలిలో చూపిస్తుంటే ఆమెకు ఉన్న కాస్త మతీ పోయింది.

చివరికి అంగడివాడు ఒక్క ప్రశ్నతో తేల్చేశాడు. స్నానం చేసే మనిషి పొడుగెంత?

పాతికేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నా మామ పొడుగెంతో భువనేశ్వరికి తెలియదు. సురేంద్రకూ తెలియదు. నాకంటే కొంచెం తక్కువ అన్నాడు, కాసేపటికి ఎక్కువేమో అన్నాడు. పోనీ టేపు పెట్టి కొలుద్దామనుకుంటే పక్కింటి సుబ్బులమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"బతికుండే మనిషిని కొలస్తారా యాడైనా? కొలిచేది ఎప్పుడో తెల్దా నీకు? ఆయప్ప సూస్తే ఏమనుకుంటాడు?"

పాడె కట్టేటప్పుడు వెదురు పట్టుకుని కొలవడం భువనేశ్వరి చూసింది. ఆ మాట విన్నాక టేపు చేతిలోకి తీసుకోవాలంటేనే ఏదోలా అనిపించింది. కాబట్టి మనిషిని వదిలేసి మనిషి చుట్టూ కొలిచింది. నులకమంచం కొలిచింది. అది అత్తగారి పుట్టింటి నుంచి వచ్చిన మంచం, మామ కోసం చేసింది కాదు. చాప కొలిస్తే ఆరడుగులు దాటింది. చాపలన్నీ అంతే ఉంటాయని తర్వాత తోచింది. చొక్కాలు కుట్టే టైలరును అడిగితే భుజమూ ఛాతీ అప్పజెప్పాడు, భుజం పైనా నడుం కిందా తనకు పని లేదన్నాడు. వరండా గోడ మీద, మామ రోజూ ఆనుకుని కూర్చునేచోట, తలనూనె మరక ఉంది. నేల నుంచి అక్కడిదాకా కొలిచి, దాన్ని రెట్టింపు చేస్తే మనిషి పొడుగు వస్తుందా రాదా అని కూతురికి ఫోన్ చేసింది. కూతురు నవ్వి పెట్టేసింది. ఒక లెక్కకు ఐదడుగుల రెండంగుళాలు వచ్చింది, ఇంకో లెక్కకు ఐదడుగుల ఎనిమిది. ఒకే మామ.

శుక్రవారం మధ్యాహ్నం గోవిందయ్య మంచం మీద వెల్లకిలా నిద్రపోతున్నాడు. మోకాళ్లు ముడవకుండా, తిన్నగా. ఇంతకంటే మంచి అదను దొరకదనిపించింది. దేవుడికి మనసులో దండం పెట్టుకుని, టేపు కొస తలగడ పక్కన ఆనించి, ఊపిరి బిగబట్టి పాదాల వైపు లాక్కుంటూ పోయింది. మడమ దగ్గర వంగి అంకె చూస్తుంటే తల దగ్గర నుంచి గొంతు వినిపించింది.

"ఎంతొచ్చిందమ్మా?"

ఆమె చేతిలోంచి టేపు జారి సర్రుమని చుట్టుకుపోయింది. ఐదడుగుల మూడు అని నోటికొచ్చింది చెప్పేసింది.

"అంతేనా? నేనింకా పొడుగనుకొంటిని." ఆయన పైకప్పు వైపు చూశాడు. "దేనికి కొలస్తా ఉండావో చెప్పు. మంచికా, చెడ్డకా?"

టబ్బుకని చెప్పింది. గోడ, తలుపు, గీజరు, లోపలి కొలత, బయటి కొలత, అన్నీ ఏకరువు పెట్టింది. ఆయన అన్నీ విన్నాడు.

"ఆదివారం నేనూ వస్తా అంగిడికి," అన్నాడు.

ఆదివారం కారు మాట్లాడుకుని ముగ్గురూ పుత్తూరు మీదుగా తిరుపతి వెళ్లారు. అంగడిలో టబ్బులు వరసగా, తెల్లగా, ఎండిపోయి ఉన్నాయి. సురేంద్ర తిన్నగా ఆరడుగుల దాని దగ్గరికి నడిచి, అంచు మీద అరచేత్తో తట్టాడు. కూర్చుని చూడు నాయనా అన్నాడు. కొడుకూ అంగడివాడూ చెరో రెక్క పట్టి దించారు. ముసలాయన అందులో వెనక్కి ఆనుకున్నాడు. ఆనుకోగానే కిందికి జారాడు. కాళ్లు అవతలి గోడకు అందలేదు, మడమలు నున్నటి అడుగు మీద పట్టు కోసం దేవులాడాయి. గడ్డం రొమ్ముకు తగిలింది. రెండు చేతులూ అంచులు పట్టుకుని బిగుసుకుపోయాయి. నీళ్లు లేని టబ్బులో మనిషి మునుగుతున్నట్టుంది చూడ్డానికి. సురేంద్ర చంకల కింద చేతులు వేసి లేపాడు. కుళాయిలు బేరం చేస్తున్న వాళ్లు తిరిగి చూశారు.

గోవిందయ్య కర్ర మీద నిలదొక్కుకున్నాడు. పంచె సర్దుకున్నాడు. భువనేశ్వరి ఆయన మొహం వైపు చూడలేకపోయింది. వారమంతా తను వెతికిన అంకె దొరికి ఉన్నా ఇక్కడ ఎందుకూ పనికొచ్చేది కాదు. మరైతే కొలవాల్సింది దేన్ని? కాలునా, నడుమునా, అంచు ఎత్తునా? అంగడివాడు తలకింద పెట్టుకునే రబ్బరు దిండు గురించీ, నీళ్లు వాటంతటవే సుడి తిరిగే టబ్బు గురించీ చెప్పుకుపోతున్నాడు. ఐదడుగుల దాంట్లోనూ కూర్చోబెట్టి చూశారు. కాస్త నయం, కానీ అంచు ఎత్తుకు కాలు దాటలేదు, మళ్లీ ఎత్తి దించాల్సి వచ్చింది.

వాళ్లు ఆ టబ్బు దగ్గరే వాదులాడుకుంటుంటే గోవిందయ్య కర్ర టకటకలాడించుకుంటూ మూలకు వెళ్లాడు. అక్కడ నాలుగున్నర అడుగులది ఒకటి ఉంది. పొట్టిది, లోతుది, ఒక పక్క అంచు పీటంత వెడల్పు. చోటు చాలని ఇళ్లకూ పిల్లలకూ అని అంగడివాడు చెప్పబోయాడు. ముసలాయన చెప్పులు విడిచి, ముందు ఆ అంచు మీద కూర్చున్నాడు. బాగున్న కాలు లోపల పెట్టాడు. రెండోదాన్ని చేత్తో ఎత్తి దాని పక్కన పెట్టుకున్నాడు. మెల్లగా దిగి కూర్చున్నాడు. పాదాలు రెండూ అవతలి గోడకు ఆనాయి. మోకాళ్లు కొంచెం పైకి లేచాయి, అంతే. జారలేదు.

సురేంద్ర మూతి ముడిచాడు. ఇందులో పడుకునేది ఎట్లా అన్నాడు. పడుకునేదానికి మంచం ఉండాది గదా అన్నాడు తండ్రి.

ఇక లేవాలి. సురేంద్ర అలవాటుగా ముందుకు వంగి చేతులు చాచాడు.

"తీ చేతులు," అన్నాడు గోవిందయ్య. తర్వాత కోడలి వైపు చూడకుండానే, "మీరంతా అట్ల తిరుక్కోండి," అన్నాడు.

సురేంద్ర కదల్లేదు. పడితే ఎట్లా అన్నట్టు భార్య వైపు చూశాడు. భువనేశ్వరికీ అదే భయం. అయినా అతని మోచెయ్యి పట్టి గోడ వైపు తిప్పింది. ఏం అర్థమైందో ఏమో, అంగడివాడు కూడా తిరిగాడు. ముగ్గురూ కుళాయిల గోడకు ఎదురుగా నిలబడ్డారు. మిలమిలలాడే స్టీలు మీద వెనకాల ఏదో తెల్లగా కదులుతోంది. ఆమె తల దించుకుంది. ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు, అరచెయ్యి అంచు మీద రుద్దుకున్న చప్పుడు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. సురేంద్ర తిరగబోతే ఆమె మోచేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. మళ్లీ బరువుగా ఒక ఊపిరి. కర్ర నేలకు తగిలింది.

"ఎల్లప్పకు ఫోను చెయ్యి," అన్నాడు గోవిందయ్య.

ఆయన చెప్పులు తొడుక్కుంటున్నాడు. నుదురంతా చెమట. ఎట్లా లేచావని సురేంద్ర అడిగితే, లేచినా గదా అన్నాడు, అంతకంటే చెప్పలేదు.

భువనేశ్వరి ఫోన్ చేసింది. నాలుగున్నర అని చెప్పగానే అవతల ఎల్లప్ప, పిల్లోళ్లు ఎవురూ లేరు గదా మీ ఇంట్లో అని అడిగాడు. ఇంతకీ మామ పొడుగెంత తేలిందని కూడా అడిగాడు. తేలలేదని చెప్పింది. పక్కగోడకు పట్టుకోను స్టీలు కడ్డీ ఒకటి బిగించాలనీ, దాన్ని ఎంత ఎత్తులో పెట్టాలో మామే చూపిస్తాడనీ చెప్పింది.

మాట్లాడుతూనే వెనక్కి తిరిగి చూసింది. గోవిందయ్య మళ్లీ చెప్పులు విడిచి ఆ వెడల్పు అంచు మీద కూర్చుంటున్నాడు. కాలు లోపల పెట్టాడు, దిగాడు, కాసేపు ఉండి లేవడం మొదలుపెట్టాడు. ఈసారి ఎవరినీ తిరగమనలేదు.