అత్తగారికి ఒక టేపు

ఏడాది చివరి సెలవులకు కానుకలు ఇచ్చుకోవడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఐదుగురం, ఐదు చీటీలు. ఎవరి చీటీ వస్తే వాళ్లను నెలరోజులు గమనించాలి. ఏం కావాలని నోరు విప్పి అడగకూడదు. రోజూ పనికొచ్చే వస్తువేదో మనమే కనిపెట్టి ఇవ్వాలి. అలమరలో పడి ఉండేది కానుక కాదు, దుమ్ము దులపడానికి ఇంకో చాకిరీ అంటుంది మా అత్తగారు. ఈ పద్ధతి పెట్టింది ఆవిడే.

వినడానికి బాగానే ఉంటుంది. దిగితే గానీ లోతు తెలియదు. పోయినేడు నాకు మా ఆయన చీటీ వచ్చింది. ఇరవై ఏళ్లుగా చూస్తున్న మనిషే కదా, ఎంతసేపు అనుకున్నాను. నెల గడిచిపోయింది గానీ ఆయనకు లేనిదేమిటో అంతుపట్టలేదు. చివరికి స్నానాలగదిలో ఒక కొక్కెం బిగించి ఇచ్చాను, తడి తువ్వాలు మంచం మీద పడెయ్యకుండా. అది అన్నయ్యకిచ్చిన కానుకా, నీకు నువ్వే ఇచ్చుకున్నదా అని మా మరిది ఇప్పటికీ ఏడిపిస్తూనే ఉంటాడు.

ఈసారి అత్తగారి చీటీ వచ్చింది. విప్పి చూడగానే నీరుగారిపోయాను. ఆవిడకేం కావాలో నాకు అప్పటికే తెలుసు. నలుగురి ముందు ఇవ్వలేనిది కావడమే వచ్చిన చిక్కు.

మాది బట్టలు కుట్టే దుకాణం. ఇంటి ముందుగదే దుకాణం. ఆవిడ కొలతలు తీసి గుడ్డ కత్తిరిస్తుంది, నేను మిషను మీద కుడతాను. కత్తెర అత్తది, నోరు కోడలిది అని వీధిలో అనుకుంటారట. అనుకోనీ, నాకేం.

మూడు నెలల కిందట ఒక మాస్టారి చొక్కాకి చేతులు అంగుళంన్నర పొట్టిగా వచ్చాయి. చివర వేరే రంగు పట్టీ వేసి, ఇప్పుడిదే ఫ్యాషన్ అని ఆయన్ని నమ్మించి పంపాను. ఆయన అటు వెళ్లగానే, "ధ్యాస ఎక్కడుంది అత్తయ్యా?" అని గయ్యిమన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. మా అత్తగారు మారు మాట్లాడకపోవడమే! అక్కడే నాకు అనుమానం వచ్చింది. ఆ తర్వాత టేపు నా చేతికిచ్చి, "నువ్వు చదువు, నీకూ అలవాటు కావద్దూ" అనడం మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లుగా మిషను తొక్కుతున్నదానికి ఇప్పుడు అలవాటేమిటి, నా మొహం!

ఒకరోజు సుద్దముక్క కోసం సొరుగు వెతుకుతుంటే కంటి డాక్టరు రాసిన కాగితం దొరికింది. దారం కొనుక్కొస్తానని చెప్పి ఆవిడ ఒక్కతే వెళ్లొచ్చిందన్నమాట. చూపుకి నడిమధ్యలో మసక కమ్ముతోందట. కళ్లజోడు మార్చినా, ఆపరేషన్ చేసినా లాభం లేదట. మనుషులు తెలుస్తారు, గుడ్డ తెలుస్తుంది, లావుగా గీసిన సుద్దగీత తెలుస్తుంది. టేపు మీది అంకెలు మాత్రం తెలియవు. నేను కాగితం ఎక్కడిదక్కడే పెట్టి, ఏమీ ఎరగనట్టు మిషను ముందు కూర్చున్నాను.

ఎవరికైనా చెబుదామంటే మా మరిది ఉన్నాడు. కరెంటు పని చేస్తాడు. తల్లంటే ప్రాణం, దానితోనే వచ్చింది గొడవంతా. వేసవిలో ఆవిడ వేలికి కత్తెర తగిలి నెత్తురొస్తే ఇల్లు పీకి పందిరేశాడు. "ఇంకొక్కసారి చెయ్యి తెగినా, కొలత తప్పినా, దుకాణానికి నేనే తాళం వేస్తానమ్మా. చేసింది చాలు, మేడ మీద హాయిగా కూర్చో" అన్నాడు. మా ఆయన కూడా గంగిరెద్దులా తలూపాడు. మర్నాడు ఆవిడ కత్తిరింపు బల్ల తుడుస్తూ, నా వైపు చూడకుండా అంది: "కూర్చోబెట్టి మేపితే ఆరునెలలు కూడా బతకనే అమ్మాయ్. ఈ బల్ల దగ్గర నిలబడ్డంతసేపే నేను మనిషిని."

ఆ మాట విన్నాక ఇక ఎవరికి చెబుతాను? నా నోట్లో నువ్వుగింజ నానదంటారు గానీ, ఈ ఒక్కటీ ఇన్నాళ్లూ నానబెట్టాను.

ఇప్పుడు కానుక. భూతద్దం ఇస్తే దండోరా వేసినట్టే. బల్ల మీదికి మంచి దీపం పెట్టిద్దామంటే, బిగించాల్సింది మరిదే, బిగిస్తూ వంద ప్రశ్నలడుగుతాడు. ఏమీ తోచక ఆవిడనే చూస్తూ కూర్చున్నాను. ఎవరో గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆవిడ అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇది అచ్చం నూలు కాదమ్మా, కలిపారు" అంది. గుడ్డ వైపు చూడనైనా చూడలేదు. కళ్లు పోతే పోయాయి, ఆ వేళ్లు ఎక్కడికి పోతాయి అనిపించింది.

మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే గంటలో పని మొదలుపెట్టాను. కొత్త టేపు, అదే రంగు దారం. కంటికి కనపడకూడదు, వేలికి తెలియాలి. అంగుళానికో ముడి, ఐదుకి రెండు, పదికి మూడు. మొదటి టేపు పాడైంది, ముడులు నడిమధ్యన వేస్తే గుడ్డకు పట్టుకుని లాగేసింది. రెండోదానికి అంచు వెంబడి వేశాను. సరిగ్గా వచ్చిందో లేదోనని కళ్లు మూసుకుని మా ఆయన ఛాతీ కొలిచాను. బస్సు నడిపి వచ్చి అప్పుడే కూర్చున్నారాయన.

"ఏమైందే నీకు?" అని హడలిపోయారు.

"కోటు కుట్టడానికి, కదలకండి."

"ఎవరి పెళ్లికి?"

"మీ రెండో పెళ్లికి. చెయ్యెత్తండి."

ముప్పై తొమ్మిది. కళ్లు తెరిచి చూస్తే ముప్పై తొమ్మిదే. ఆనందం పట్టలేక ఆయన వీపు మీద ఒక్కటిచ్చాను.

సెలవుల మొదటి రోజు పొద్దున్నే అందరం కత్తిరింపు బల్ల చుట్టూ చేరాం. నర్సుగా పనిచేసే మా తోడికోడలికి మా ఆయన, బ్యాగు తెరవగానే వెలిగే చిన్న దీపం ఇచ్చారు. తాళంచెవి కోసం రోజూ గుమ్మంలో బ్యాగంతా కుమ్మరిస్తుంది లెండి. ఆమె నాకు మిషను స్టూలు మీదికి దిండు కుట్టించి తెచ్చింది. నా నడుం నొప్పి నా మొగుడికైనా తెలియదు, ఆమెకు తెలిసింది. మా ఆయనకు మరిది, బస్సు ఎంత ఎగిరినా ఒలకని మూత గ్లాసు ఇచ్చాడు.

మరిది వంతు వచ్చింది. అత్తగారు తనంతట తనే, నాకు చూపించకుండా, వాడికి నడుముకి కట్టుకునే సంచి కుట్టింది. మందపాటి గుడ్డ, పనిముట్టుకో అర. వాడు మురిసిపోయి అక్కడికక్కడే కట్టుకుని, ఒక్కొక్కటీ దోపడం మొదలుపెట్టాడు. స్క్రూడ్రైవరు పట్టింది. టెస్టరు పట్టింది. కటింగ్ ప్లేయరు దగ్గర ఆగిపోయాడు.

"ఇది పట్టట్లేదేంటమ్మా? కుట్టు కూడా వంకర పోయింది. కొలత తప్పావా?"

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆవిడెందుకు తప్పుతుంది? తప్పింది నేను" అన్నాను. "ఆవిడ చెప్పిందొకటి, నేను కత్తిరించిందొకటి. తొందరలో చేశాను. ఇటు తే, విప్పి కుడతా."

"అదేమరి! నీ నోరు ఎంత పొడుగో, చేతి కొలత అంత పొట్టి వదినా" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు. ఆ సంచి నా చేతుల్లోకి రానేలేదని ఆవిడకు తెలుసు. నా వైపు తిరిగింది.

చివరికి నా కానుక. కాగితం విప్పితే టేపు.

"టేపా?" మరిది పొట్ట పట్టుకున్నాడు. "సొరుగులో అరడజను ఉన్నాయి కదా వదినా! నెలరోజులు గమనించి కనిపెట్టిందిదా? పిల్లికి బిచ్చం పెట్టనిదానివని అనుకునేవాణ్ణి గానీ, మరీ ఇంతా!"

మా ఆయన కూడా మీసాల చాటున నవ్వుకున్నారు. "పోనీలే అక్కా, పనిలో పడి మర్చిపోయి ఉంటావు" అంది తోడికోడలు. వాడి వెక్కిరింత కన్నా ఆ జాలి ఎక్కువ మండింది. నాలుగు దులిపేద్దామని నోటిదాకా వచ్చింది. దులిపితే గుట్టు బయటపడుతుంది. పళ్ల బిగువున కూర్చుని, కొత్త దిండు అంచు పీకుతూ ఉండిపోయాను.

అత్తగారు టేపు కొస పట్టుకుంది. బొటనవేలు అంచు మీదుగా జరిగి ఒకచోట ఆగింది. మళ్లీ జరిగి మళ్లీ ఆగింది. మూడు ముడుల దగ్గరికి వచ్చేసరికి, పది అని తనలో తనే అనుకుంది.

"నవ్వింది చాలు" అంది. "నాకు అంకెలు కనపడవు."

మరిది నవ్వు సగంలో ఆగిపోయింది.

"మూడు నెలలైంది. డాక్టరు కూడా చేతులెత్తేశాడు. సంచి కొలత తప్పింది నేను. మాస్టారి చొక్కా తప్పింది నేను. మీ వదిన అవన్నీ సరిదిద్ది, నిందలు నెత్తినేసుకుని తిరుగుతోంది. ఇదిగో, వేళ్లతో చదువుకోమని ముడులేసింది. పట్టుకు చూడు."

వాడు పట్టుకు చూశాడు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "మరి ఇంకా ఎందుకమ్మా ఈ పని..." అన్నాడు.

"ఇలా రా. చేతులెత్తు."

వాడు చేతులెత్తాడు. ఆవిడ వాడి నడుం చుట్టూ టేపు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, వేలు జరుపుకుంటూ వచ్చింది.

"ముప్పై ఎనిమిది."

"ముప్పై ఆరే!"

"పోయినేడు ముప్పై ఆరు. టేపు తప్పలేదురా, నువ్వే పెరిగావు. నమ్మకపోతే మీ అన్నయ్యను చూడమను."

మా ఆయన వంగి చూసి, "ముప్పై ఎనిమిదే" అన్నారు. ఇక తాళం మాట ఎవరూ ఎత్తలేదు.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. "ఎందుకు చెప్పారత్తయ్యా? నవ్వితే నన్నే కదా నవ్వింది, నాకేం అరిగిపోయింది? ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నదంతా బూడిదలో పోశారు!" అని అందరి ముందే అరిచాను.

"నాకు కళ్లు పోతే నువ్వున్నావు" అంది ఆవిడ. "నిన్ను నలుగురూ నవ్వుతుంటే చూస్తూ ఊరుకున్నాననుకో, ఇక నాకెవరుంటారే?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. మరిది ఇంకా చేతులెత్తుకునే నిలబడి ఉన్నాడు. దించమని చెప్పడం ఎవరికీ గుర్తురాలేదు.