అడ్డకోత, నిలువుకుట్టు

చదివేవాళ్ళు ముందుగా నన్ను క్షమించాలి. నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయిన తర్వాత, మనవరాలి పలక మీద. ఒత్తులు ఎక్కడో ఒకచోట జారిపోతుంటాయి. ఒక్క పేజీ రాసేసరికి పొద్దుగూకుతుంది. ఇది నాతో ఒకే బల్ల మీద కుట్టుపని చేసిన అమ్మాయి కథ. తనే చెప్పింది, తనే రాయమంది. "మగవాళ్ళు సిగ్గుతో చెప్పుకోరు, ఆడవాళ్ళకి తెలిసే దారి లేదు, నువ్వన్నా రాయి పిన్నీ" అంది. అందుకని రాస్తున్నాను.

ఆ అమ్మాయిని పనిలో అందరూ పిచ్చుక అనేవాళ్ళు. తోలు గ్లౌజులు తయారుచేసే కార్ఖానాలో ఆమె బల్ల ముందు కూచుంటే సూది గింజలు ఏరుకుంటున్నట్టు టకటకా పడేది. ఆమె భర్త అక్కడే కటింగ్ మేస్త్రీ. తోలు తడిపి, బల్ల అంచుకి ఆనించి, రెండు బొటనవేళ్ళతో లాగి, ఏ వైపు సాగుతుందో ఏ వైపు మొండికేస్తుందో తెలుసుకున్నాక గానీ కత్తెర ముట్టడు. మాట తక్కువ మనిషి. అందరూ అతన్ని మేస్త్రీ అనే పిలిచేవాళ్ళు.

పెళ్ళయి ఏడాది దాటినా వాళ్ళ కాపురం కుదుటపడలేదు. పగలంతా బాగానే ఉండేవాడు. టీ వస్తే ముందు ఆమె చేతికి గ్లాసు ఇచ్చి తర్వాత తను తాగేవాడు. పడకగదిలో మాత్రం దగ్గరికి వచ్చినవాడు వచ్చినట్టే ఉలిక్కిపడి వెనక్కి పోయేవాడు. పళ్ళు బిగించి గోడవైపు తిరిగి, కాసేపటికి లేచి నీళ్ళగదిలోకి వెళ్ళిపోయేవాడు. ఏమైందని అడిగితే "ఏం లేదు, పడుకో" అనేవాడు. పిచ్చుక అద్దంలో ముఖం చూసుకునేది. తోలు వాసన వేస్తున్నానేమోనని సబ్బులు అరగదీసింది. ఆ వాసన అతని ఒంటికీ ఉందన్న సంగతి ఆమెకి తట్టనే లేదు.

అత్తగారికి సంగతి తెలియదు గానీ నోటికి మాత్రం లోటు లేదు. పొద్దున్నే కొడుకు దుప్పటి ఉతుకుతూ కనిపిస్తే గుమ్మంలో నిలబడి, "మా రోజుల్లో మగాడు బకెట్ పట్టుకున్నాడంటే ఇల్లు తగలబడుతోందని నలుగురూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు" అనేది కోడలికి వినపడేలా.

దుప్పటి ఎందుకు ఉతుకుతున్నాడో పిచ్చుకకి ఒకరోజు కనిపించింది. ఆరేసిన గుడ్డ మీద సరిగా వదలని నెత్తుటి మరక. అది తనది కాదు. తన పక్కకి వస్తే ఈ మనిషికి గాయమవుతోంది. అంతవరకే అర్థమైంది ఆమెకి. విడిచి వెళ్ళిపోవడానికి అది చాలనుకుంది.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి బయటికి వెళ్ళాక కటింగ్ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"చేతిలో ఉన్న పని అయిపోయాక మా అక్క దగ్గరికి పోతాను. మళ్ళీ రాను. మీరేం మాట్లాడక్కర్లేదు, ఎటూ మాట్లాడరుగా" అంది.

మేస్త్రీ కత్తెర కింద పెట్టాడు. పక్కనున్న కుప్పలోంచి సగం కుట్టిన గ్లౌజు ఒకటి తీసి ఆమె చేతికి ఇచ్చాడు.

"తొడుక్కో. వేళ్ళు చాపు."

"నేను చెప్పేదేంటి, మీరు ఇచ్చేదేంటి?"

"చాపు ముందు."

చాపింది. వేళ్ళ సందులో తోలు బిగుసుకుంది. గ్లౌజులో రెండు వేళ్ళు కలిసే చోట సందుముక్క అని చిన్నది, నాలుగు మూలలది, వేస్తారు. ఆ ముక్క వేస్తేనే వేలు స్వేచ్ఛగా కదులుతుంది. ఈ గ్లౌజుకి ఇంకా వేయలేదు.

"ఇంకా చాపితే?" అన్నాడు.

"చినుగుతుంది. సందుముక్క లేదుగా."

"నాకూ అంతే." అతని కళ్ళు బల్ల మీదే ఉన్నాయి. "మగాడికి అక్కడ చివర్లో, అడుగు వైపు చర్మపు తాడు ఒకటుంటుంది. నాది పొట్టి. కిందికి గుంజేస్తుంది. బలవంతాన ఓర్చుకుంటే చినుగుతుంది. మానేలోపు మళ్ళీ చినుగుతుంది."

పిచ్చుక గ్లౌజు మెల్లగా విప్పి బల్ల మీద పెట్టింది. "ఎప్పట్నించీ?" అంది.

"పుట్టినప్పట్నించీ. మగాళ్ళందరికీ ఇంతే, ఓర్చుకోవడమే మన పని అనుకున్నా."

"ఎవర్నైనా అడిగి చావచ్చుగా."

"ఏమని అడగను? టీ కొట్టు దగ్గర నిలబడి, అన్నా నీ తాడు ఎంత పొడుగు అననా?"

పిచ్చుకకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. "నేను నచ్చక పారిపోతున్నారని ఏడాదిగా కుళ్ళి కుళ్ళి చస్తున్నాను కదండీ."

"నువ్వు నచ్చకపోతే అంత నెత్తురు ఎందుకు కారుస్తానే" అన్నాడు మేస్త్రీ. పెళ్ళయ్యాక ఆమె అతని నోట విన్న పెద్ద మాటల్లో అదొకటి.

ఆ వారంలోనే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. ఆపరేషన్లు చేసే డాక్టరు భారీ మనిషి. పిచ్చుక ఎవరిని చూసినా ముందు చేతులే చూస్తుంది. ఆయన వేళ్ళూ చూసింది. మా పెద్ద సైజు గ్లౌజు కూడా ఈయనకి బిగుతే, ఈ లావు వేళ్ళతో సన్నపని ఏం చేస్తాడు అనుకుంది.

ఆయన తెర వెనక పరీక్ష చేసి వచ్చి కూచున్నాడు. "నాలిక కింద సన్నటి తాడు ఉంటుంది చూడండి, అది పొట్టిదైతే కొందరు పిల్లలకి మాట తిరగదు. ఇదీ దాని తమ్ముడే. పొట్టిగా ఉంది, పైగా చినిగి మాని చినిగి మాని గట్టిపడింది. ఇన్నాళ్ళు ఎందుకు ఓర్చుకున్నావయ్యా? తిమ్మిరెక్కే సూది ఇచ్చి సరిచేస్తాను. అదే రోజు నడుచుకుంటూ ఇంటికి పోవచ్చు."

"పోదుగా డాక్టరుగారూ?" అన్నాడు మేస్త్రీ.

"ఏది?"

"అదే. మొత్తం."

"ఎక్కడికీ పోదు. ఇప్పటిలా తల వంచుకుని మాత్రం ఉండదు."

ఇంటికి వచ్చాక ఇద్దరికీ అసలు దిగులు పట్టుకుంది. పొట్టిదాన్ని పొడుగు చేయాలంటే ముక్క వేయాల్సిందే. వాళ్ళ పనిలో దానికి రెండో దారి లేదు. ఆ ముక్క ఎక్కణ్ణించి తెస్తాడని డాక్టరుని అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు.

"తొడ మీంచి తీస్తాడేమో" అన్నాడు మేస్త్రీ.

"తొడ తోలు మందం. మందం తోలుకి పల్చటిది కలిపి కుడితే పల్చటిదే చినుగుతుంది. మీకు నేను చెప్పాలా?"

"మరైతే వద్దులే, మానేద్దాం."

వద్దులే అన్న మాట అతను నిజంగానే అన్నాడని, రేపో ఎల్లుండో ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరుగుతాడని ఆమెకి తెలిసిపోయింది. అదే జరిగితే ఇద్దరూ జీవితమంతా ఒకే కప్పు కింద రెండు గోడల వైపు తిరిగి పడుకోవాలి. పిచ్చుక లేచింది. వంటగదిలోకి వెళ్ళి తన ముంజేతి లోపలి వైపు చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా లాగి చూసుకుంది.

ఆపరేషన్ రోజు మేస్త్రీని లోపల పడుకోబెట్టారు. డాక్టరు చేతులు కడుక్కోవడానికి వస్తుంటే పిచ్చుక ఎదురెళ్ళి చేయి చాపింది. జాకెట్టు చేతులు మోచేతి పైకి మడిచి ఉన్నాయి.

"డాక్టరుగారూ, ముక్క నా దగ్గర తీసుకోండి."

"ఏ ముక్కమ్మా?"

"ఆయనకి వేసేది. ఇక్కడ పల్చగా ఉంటుంది, రెండువైపులా సాగుతుంది. నేను చూసుకున్నాను. కొలత ఎంతో చెప్పండి చాలు. నేనేం అరవను."

నర్సు నవ్వబోయి ఆగిపోయింది. డాక్టరు ఆమె చేతిని చూశాడు, ముఖం చూశాడు, మళ్ళీ చేతిని చూశాడు.

"ఏం పని చేస్తావు తల్లీ?"

"తోలు గ్లౌజులు కుడతానండీ. ఆయన కత్తిరిస్తాడు."

"అలా చెప్పు." ఆయన గొంతు తగ్గింది. "ముక్క అక్కర్లేదమ్మా. కానీ నేను చెప్తే నువ్వు నమ్మవు. మీ ఆయన ఒప్పుకుంటే లోపలికొచ్చి చూడు. కళ్ళు తిరిగితే మాత్రం ముందే చెప్పు."

లోపలికెళ్ళి అడిగితే మేస్త్రీ, "తను లేకపోతేనే నాకు భయం" అన్నాడు.

ఆమెకి గౌను, టోపీ తొడిగి, మూతికి గుడ్డ కట్టి అతని తల దగ్గర నిలబెట్టారు. ఆకుపచ్చ గుడ్డ మధ్యలో చిన్న కన్నం, దాని మీద దీపం వెలుతురు. సూది ఇచ్చినప్పుడు మేస్త్రీ ఆమె వేళ్ళు నలిగిపోయేలా పట్టుకున్నాడు. తర్వాత పట్టు వదులైంది. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాడు.

ఆ లావు వేళ్ళలోకి సన్నటి కత్తి వచ్చింది. రావడంతోనే ఆ చేతులు మారిపోయాయి. గాలి కూడా కదలనంత నెమ్మదిగా, అదురూ బెదురూ లేకుండా దిగింది కత్తి.

"ఏం చేస్తున్నారే?" అన్నాడు మేస్త్రీ కళ్ళు మూసుకునే.

"కోశారు." ఆమె ముందుకి వంగింది. "అడ్డంగా కోశారండీ."

మేస్త్రీ కళ్ళు తెరిచాడు. "అడ్డంగానా? లాగుడుకి అడ్డంగా ఎవరన్నా కోస్తారా, పనంతా పాడు" అంటూ లేవబోయాడు. నర్సు భుజం నొక్కి పట్టింది.

"మేస్త్రీ" అన్నాడు డాక్టరు తలెత్తకుండా, "నీ బల్ల మీద నువ్వు. నా బల్ల మీద నేను."

అక్కడున్న సన్నటి రక్తనాళాన్ని వేడి మొనతో తాకాడు. చిమ్ముతున్న చుక్క ఆగిపోయింది. ఇన్నేళ్ళు గుంజి పట్టుకున్న తాడు వదులయ్యేసరికి, గీతలా ఉన్న కోత మెల్లగా పైకీ కిందికీ విచ్చుకుంది. విచ్చుకుని నాలుగు మూలల కన్నమైంది. ఆ ఆకారం పిచ్చుకకి తెలుసు. ఇన్నేళ్ళుగా తను ముక్క కత్తిరించి నింపుతున్న కన్నం అచ్చం అదే. తెలియకుండానే చేయి ముందుకు చాచబోయింది.

డాక్టరు ఆ చేతిని చూడలేదు. కుడి మూలనీ ఎడమ మూలనీ పట్టుకుని ఒకదానికొకటి చేర్చాడు. వెంట్రుక లాంటి దారంతో ఒక కుట్టు. దాని పైన ఒకటి, కింద ఒకటి. అడ్డంగా ఉన్న కోత ఆమె కళ్ళ ముందే నిలువు కుట్టయింది. ఏ ముక్కా వేయలేదు, ఏదీ అతకలేదు. పొట్టిది పొడుగైంది. ఇందాకటి దాకా గుంజుకుపోయి ఉన్నది ఇప్పుడు తిన్నగా, ఏ లాగుడూ లేకుండా పడుకుని ఉంది.

ఆమె కుట్లు లెక్కపెట్టింది, మూడే.

"ఎక్కణ్ణించి వచ్చిందండీ ఆ పొడుగు?" అంది.

"పక్కనించి. వెడల్పులో కొంచెం తీసి పొడవుకి ఇచ్చాను. ఒంట్లో ఎప్పుడూ ఆ మాత్రం మిగులుంటుంది."

"తోలుకి ఇలా చేస్తే పక్కన ముడత పడి చావదా?"

"తోలుకైతే పడుతుంది. ఇది బతికున్నది. దీనికి చోటు ఎలా చేసుకోవాలో తెలుసు."

"కుట్లు ఎప్పుడు విప్పుతారు?"

"విప్పేదేం లేదు. ఆ దారం అదే కరిగిపోతుంది. సూది పోటులు కూడా పూడిపోతాయి."

పిచ్చుక మళ్ళీ అడిగింది. "పోటులు పూడిపోతాయా?"

"పూడిపోతాయి."

ఆమెకి ఆ మాట లోపలికి దిగడానికి చాలా టైం పట్టింది. చిన్నప్పటి నుంచీ ఆమె చేతికింద నలిగింది చర్మమే. ఒకసారి సూది తప్పు చోట దిగిందా, ఆ పోటు అలాగే ఉండిపోతుంది. రుద్దినా పోదు, తడిపినా పోదు, ఆ ముక్క పారేయాల్సిందే. చర్మం అంటే తప్పుని క్షమించనిదే అనుకుంది ఇన్నాళ్ళూ. ఇక్కడ అదే చర్మం కత్తిగాటు పడగానే మానే పని మొదలుపెట్టేసింది. ఎవరూ చెప్పక్కర్లేదు, మేస్త్రీ అక్కర్లేదు. తన ముంజేతి వైపు చూసుకుంది. ఆ పల్చటి తోలు కింద నాడి కొట్టుకుంటోంది. ఇంత గొప్ప వస్తువుని ఒంటినిండా కప్పుకుని, వాసన వేస్తుందేమోనని ఏడాదిపాటు సబ్బుతో రుద్దానే అనుకుంది.

"అయిపోయిందా?" అన్నాడు మేస్త్రీ.

"అయిపోయింది."

"ఎలా ఉంది?"

"మీరు చూసి ఉండాల్సింది" అంది.

డాక్టరు మందులు రాసి, పుండు శుభ్రంగా ఉంచుకోమని, తను చెప్పేదాకా దంపతులు దూరంగా ఉండాలని గట్టిగా చెప్పి పంపాడు. ఇంట్లో అత్తగారు కొడుకు కాళ్ళు ఎడంగా వేసి నడవడం చూసి, "ఏమైందిరా?" అంది.

"తొడ దగ్గర చిన్న ఆపరేషన్" అన్నాడు.

"తొడేనా?" అంది ఆవిడ కోడలి వైపు చూస్తూ. ఆ చూపులో ఎకసెక్కం లేదు. కాసేపు నిలబడి, "వేడినీళ్ళు పెడతాను, నువ్వు కూచో" అంది కోడలితో. ఆవిడకి ఎంత తెలిసిందో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు.

వాపు వచ్చి తగ్గింది. మొదట్లో పొద్దున నిద్రలేచే వేళకి అతను మూలిగేవాడు, తర్వాత మానేశాడు. దారాలు ఒక్కొక్కటే కనపడకుండా పోయాయి. పిచ్చుక కట్టు మార్చేటప్పుడల్లా వెలుతురులోకి తిప్పుకుని సూది పోటుల కోసం వెతికేది. ఒకరోజు ఎంత వెతికినా దొరకలేదు. చినిగి మానిన పాత మచ్చ ఉన్నచోట సన్నటి తెల్ల గీత ఒక్కటే ఉంది.

కొన్ని వారాల తర్వాత డాక్టరు చూసి, "ఇక మీ ఇష్టం" అన్నాడు.

ఆ సెలవురోజు మధ్యాహ్నం అత్తగారు పక్కింటికి వెళ్ళింది. కిటికీలోంచి ఎండ మంచం దాకా వచ్చింది. ఇద్దరికీ కొత్త పెళ్ళివాళ్ళకన్నా ఎక్కువ సిగ్గుగా ఉంది. పిచ్చుక కళ్ళు మూసుకుని అతని భుజం పట్టుకుని ఆ ఉలికిపాటు కోసం ఎదురుచూసింది. ఇప్పుడొస్తుంది, ఇదిగో ఇప్పుడొస్తుంది అనుకుంది. అతనూ దానికోసమే ఎదురుచూస్తున్నాడని బిగుసుకున్న వీపు చెబుతోంది. అది రాలేదు. బిగువు మెల్లగా సడలింది. రాదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

చాలాసేపటికి అతను పైకప్పు వైపు చూస్తూ, "నొప్పి లేదు" అన్నాడు.

"ఎవరితో చెప్తున్నారు?"

"ఏమో. ఎవరో ఒకరితో చెప్పాలిగా."

తర్వాత ఒక చేయి ఆమె మీద వేసి, చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఆ బరువుకి ఆమె భుజం తిమ్మిరెక్కింది. బయట అత్తగారి చెప్పుల చప్పుడైంది, తలుపు దాకా వచ్చి, ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది. ఎండ మంచం దిగి నేల మీదికి జరిగింది. పిచ్చుక భుజం కదపలేదు.

ఇట్లు,
బొత్తాలు కుట్టే పిన్ని. నాకు డెబ్భై ఒకటో ఏడు. ఇప్పుడు రైలుగేటు దాటాక రెండో వీధిలో, మా చిన్నకూతురి ఇంట్లో మేడమీది గదిలో ఉంటున్నాను.