జ్ఞానాంబ కడుపులోని మందు

నగరి పట్టణంలో నాలుగు పవర్లూములు నడిపే జ్ఞానాంబకు 1983లో యాభై మూడేళ్లు. భర్త పోయిన తరువాత మగ్గాలనూ, కొడుకు ధనంజయనూ ఒక్కతే నిలబెట్టిన మనిషి. మగ్గాల చప్పుడు మీద వినబడేట్టు మాట్లాడటం అలవాటై, ఇంట్లో కూడా ఆమె గొంతు తగ్గేది కాదు. కోడలు మునిలక్ష్మిది పుత్తూరు. కాపురానికొచ్చి మూడేళ్లయింది. అత్తాకోడళ్లకు మొదటి నుంచీ పొసగలేదు.

ఆ వేసవిలో ఒక ఆదివారం మాంసం కూర తిన్న గంటకు జ్ఞానాంబకు నొప్పి వచ్చింది. కుడి డొక్క కింద పట్టుకుని, వీపులోకి, భుజంలోకి పాకింది. రెండు గంటలు మెలికలు తిరిగి, వాంతి చేసుకుని, ఆఖరికి నిద్రపోయింది. నాలుగు రోజులకు బజ్జీలు తిన్నప్పుడు మళ్లీ వచ్చింది. వీధి చివరి హోటలు ఇడ్లీలు తిన్న రోజున రాలేదు. కూర, బజ్జీలు కోడలు చేసినవి. ఇడ్లీలు బయటివి. జ్ఞానాంబకు ఇంకేమీ ఆలోచించాల్సిన పని లేకపోయింది.

"ఇది నాకు మందు పెట్టింది," అంది, మగ్గాలకు నూలు కండెలు చుట్టే సిద్ధమ్మ ముందర.

అన్నంలో కలిపి మనిషిని లొంగదీసేందుకో, మెల్లగా చంపేందుకో పెట్టేదాన్ని అక్కడ మందు అంటారు. దాన్ని కక్కించేవాళ్లు కూడా ఉంటారు. పుత్తూరు అవతల ఒక పల్లెలో ఓబయ్య అనే ఆయన దగ్గరికి ధనంజయ, సిద్ధమ్మ కలిసి జ్ఞానాంబను తీసుకుపోయారు. ఓబయ్య ఆకు పసరు తాగించాడు. ఆమె పళ్లెంలో కక్కింది. అందులో చెయ్యి పెట్టి వెతికి, వెంట్రుకలు చుట్టిన చిన్న ఉండ తీసి చూపించాడు.

"ఇదో, మూడేండ్ల నాటిది," అన్నాడు.

ఆ సాయంత్రానికే సిద్ధమ్మ వీధంతా చెప్పేసింది. మునిలక్ష్మి చేతి మంచినీళ్లు కూడా మగ్గాల దగ్గరి ఆడవాళ్లు తాగడం మానేశారు. జ్ఞానాంబ కొత్త పద్ధతి పెట్టింది. తాను తినబోయే ప్రతిదాంట్లో ముందు కోడలు ఒక ముద్ద నిలబడి తినాలి. పనివాళ్లు చూస్తుండగానే తినాలి.

"మింగు. నోరు తెరిసి సూపించు."

మునిలక్ష్మి మింగి, నోరు తెరిచి చూపించేది. ధనంజయ గోడవైపు చూస్తూ అన్నం తినేవాడు.

"నీకు నోరు లేదా?" అని భార్య అడిగితే, "మా అమ్మ సంగతి నీకు తెలీదా, పోనీలే," అన్నాడు.

ఆషాఢంలో జ్ఞానాంబ కళ్లు పచ్చబడ్డాయి. ఒళ్లంతా దురద, మూత్రం కషాయం రంగు, చలీ జ్వరం. ఇక తప్పక బస్సులో తిరుపతి తీసుకుపోయి ఒక నర్సింగ్ హోములో చేర్చారు. సర్జన్ కృష్ణమూర్తి రక్తం పరీక్షలు చేయించి, ఎక్స్‌రే వెలుతురుకు పట్టి, "పిత్తాశయంలో రాళ్లమ్మా. ఒకటో రెండో జారి పైత్యం దిగే గొట్టంలో పడ్డాయి. అందుకే కామెర్లు. ఆపరేషన్ చెయ్యాలి," అన్నాడు.

మునిలక్ష్మి గుమ్మం దగ్గర నుంచి ముందుకొచ్చింది.

"సార్, ఈ రాళ్లు అన్నంలో ఏమన్నా కలిపి పెడితే వస్తాయా?"

కృష్ణమూర్తి ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవరన్నారు? ఇవి లోపల పుట్టేవి. ఏళ్లు పడుతుంది. నూనె, కొవ్వు తిన్నప్పుడల్లా ఆ సంచి ముడుచుకుంటుంది, రాయి అడ్డుపడుతుంది, నొప్పొస్తుంది. అంతే."

"ఇన్నావా అత్తా?" అంది మునిలక్ష్మి.

జ్ఞానాంబ పచ్చటి కళ్లు మూసుకుంది.

జ్వరం తగ్గించి నాలుగో రోజున ఆపరేషన్ చేశారు. పొట్ట జానెడు కోసి పిత్తాశయం తీసేశారు. గొట్టం కూడా కోసి రాళ్లు తీసి, పైత్యం బయటికి కారేట్టు ఒక రబ్బరు ట్యూబు పెట్టి కుట్టారు. నర్సు సీసాలో వేసి తెచ్చిన రాళ్లు పదిహేడు. పసుపూ గోధుమా కలిసిన రంగులో, పలకలు పలకలుగా ఉన్నాయి. మునిలక్ష్మి సీసా అత్త ముఖం ముందు పట్టుకుంది.

"సూడు. ఇవి నేను పెట్టినవేనా?"

జ్ఞానాంబ గొంతు పీలగా ఉన్నా మాట మెత్తబడలేదు. "నువ్వు పెట్టిన మందే గట్టిపడి రాళ్లయింది."

పదో రోజున ట్యూబులోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే, గొట్టం చివర ఇంకొక రాయి మిగిలి ఉందని తేలింది. కృష్ణమూర్తి దాచలేదు. "నా చేతికి అందలేదు. మళ్లీ కొయ్యొచ్చు. లేకపోతే మద్రాసులో కొత్తగా ఒక పద్ధతి చేస్తున్నారు. నోట్లోంచి గొట్టం దింపి, పేగులో పైత్యం దిగే దారి మూతిని కొంచెం కోసి, రాయిని లాగుతారు. పొట్ట కొయ్యరు. నెల తరువాత పొండి. అందాకా ఈ ట్యూబు ఉండాల్సిందే."

కట్టు మార్చడం, ట్యూబు చివర కట్టిన సంచిలో పడ్డ పైత్యాన్ని కొలిచి పారబోయడం నర్సు మునిలక్ష్మికి నేర్పించింది. ఇంట్లో ఇంకెవరూ ఆ పనికి దగ్గరికి రాలేదు. రోజూ పొద్దున మునిలక్ష్మి చేతులు సబ్బుతో కడుక్కుని, మాట్లాడకుండా కట్టు విప్పి, ట్యూబు చుట్టూ తుడిచి, కొత్త గుడ్డ వేసేది. ఒక్కసారి కూడా ట్యూబు లాగలేదు, గాయానికి చీము పట్టనివ్వలేదు. జ్ఞానాంబ మాత్రం ప్రతిసారీ ఆ చేతుల్నే కనిపెట్టి చూసేది.

"దాంట్లో ఏమన్నా పోస్తావేమో," అంది ఒకరోజు.

మునిలక్ష్మి ఆ రోజు మధ్యాహ్నమే సిద్ధమ్మను పిలిచింది. "ఓబయ్య దగ్గిరికి పోదాం రా. నాకూ కడుపునొప్పని చెప్పు. నువ్వు కండ్లతో సూసినానని వీధంతా చెప్పినావు గదా, ఇంకోసారి సూడు."

ఓబయ్య మునిలక్ష్మిని ఎప్పుడూ చూడలేదు, సిద్ధమ్మనూ గుర్తుపట్టలేదు. నాడి పట్టి, "మీ అత్త పెట్టినాది నీకు మందు," అన్నాడు. పసరు తాగించాడు. మునిలక్ష్మి పేగులు బయటికొచ్చేట్టు కక్కింది. అతను పళ్లెంలోకి చెయ్యి పెట్టబోతుండగా కళ్లనీళ్లతోనే అతని మణికట్టు రెండు చేతులతో పట్టేసింది.

"సిద్ధమ్మా, వాని యేళ్లు ఇప్పు!"

సిద్ధమ్మ లాగింది. వేళ్ల సందులో వెంట్రుకల ఉండ. పళ్లెంలోదంతా తడి. ఉండ మాత్రం పొడిగా ఉంది.

"దొంగ నాబట్టా!" సిద్ధమ్మ ఉమ్మేసింది. "నీ మాట నమ్మి ఒక ఆడదాని నోట్లో మట్టి కొట్టినానే!"

"నాశనమైపోతారు," అని ఓబయ్య అరుస్తుంటే ఇద్దరూ బస్సు రోడ్డుకు పరిగెత్తారు. ఈసారి సిద్ధమ్మ వీధంతా ఇంకా గట్టిగా చెప్పింది.

జ్ఞానాంబ అంతా విని, "వాడు దొంగయితే ఇది మంచిదైపోతుందా?" అంది.

మద్రాసు ప్రయాణం దగ్గర పడింది. ట్యూబు సంగతి తెలిసింది మునిలక్ష్మి ఒక్కదానికే. ధనంజయ బట్టలు సర్దమన్నాడు.

"నేను రాను. నేను మందు పెట్టలేదని ఆమె మగ్గాల కాడ అందురూ వినేట్టు చెప్పల్ల. అప్పుడొస్తా."

"జబ్బు మనిషినా ఇట్ట అడిగేది? ఇదా టైము?"

"నన్ను నిలబెట్టి ముద్ద మింగించినప్పుడు టైము అడిగినావా నువ్వు?"

రెండు రోజులు ప్రయాణం ఆగింది. మూడో రోజు జ్ఞానాంబకు మళ్లీ చలిజ్వరం వచ్చింది. గోడ పట్టుకుని మగ్గాల దగ్గరికి నడిచింది. ధనంజయ మోటారు ఆపాడు.

"ఇది నాకు మందు పెట్టలేదు," అంది జ్ఞానాంబ. తరువాత కోడలివైపు తిరిగి, "సాలునా?" అంది, తిట్టినట్టుగా.

"సాలు," అంది మునిలక్ష్మి. ఆ రోజే బయలుదేరారు.

మద్రాసులో జ్వరం తగ్గేదాకా ఆగి, జ్ఞానాంబను పక్కకు పడుకోబెట్టి, గొంతు మొద్దుబారే మందు కొట్టి, నల్లటి గొట్టం మింగించారు. గంట తరువాత డాక్టరు బయటికొచ్చి రాయి వచ్చేసిందన్నాడు. వారానికి ట్యూబు కూడా తీసేశారు. కళ్లలో పసుపు పోయింది.

తిరుగు రైలులో ధనంజయ టీ కోసం దిగినప్పుడు జ్ఞానాంబ కిటికీలోంచి చూస్తూ అంది.

"ఆ నొప్పొచ్చినప్పుడు ఎవురినన్నా తిట్టకపోతే పానం పోయేట్టుండె. ఎదురుగ్గా నువ్వుంటివి."

క్షమించమని అడుగుతుందేమోనని మునిలక్ష్మి చూసింది. జ్ఞానాంబ అడగలేదు.

"ఎదురుగ్గా ఉండటమే తప్పయితే ఇంక ఉండను అత్తా," అంది.

ఆ నెలలోనే మొగుడితో పక్క వీధిలో అద్దె ఇంటికి మారింది. ధనంజయ రోజూ వచ్చి తల్లి మగ్గాలు నడిపి పోయేవాడు. జ్ఞానాంబ ఇంకో పద్నాలుగేళ్లు బతికింది. ఆ నొప్పి మళ్లీ రాలేదు. మునిలక్ష్మి ఆ గడప మళ్లీ తొక్కలేదు.