నాలుగున్నర అంగుళాలు

నేను ఒక చెక్క స్కేలుని. ఒంటి మీద పన్నెండు అంగుళాల గీతలున్నాయి. అంతకుమించి నాకు విద్య లేదు. కోతమిల్లులో కోసి, కాల్చిన ఇనుప అచ్చుతో ఆ గీతలు ఒత్తారు.

మొదట బడిలో పనిచేశాను. గీతలు గీసింది తక్కువ, పిల్లల అరచేతులు వాచేలా కొట్టింది ఎక్కువ. మనుషులు ఒకందుకు చేసి ఇంకొకందుకు ఎందుకు వాడతారో నాకు అప్పుడూ అర్థం కాలేదు. అంచు చిట్లాక మాస్టారు నన్ను ఎర్రన్నకిచ్చేశారు. నా దెబ్బలు అందరికంటే ఎక్కువ తిన్నది అతనే.

ఎర్రన్న పెద్దయ్యాక కమ్మీలు వంచే పనిలో చేరాడు. ఈశాన్యాన కొండల మధ్య ఒక చిన్న విమానాశ్రయంలో రన్‌వే పొడిగిస్తుంటే, భార్యను ఊళ్లో ఉంచి అక్కడికి పోయాడు. సంచిలో నేనూ పోయాను. విమానాలు అతని నెత్తి మీదుగా లేచేవి. ఒక్కటీ ఎక్కలేదు.

ఒక ఉదయం ఆమె తమ్ముడు సన్యాసి ఊరినుంచి ఫోను చేశాడు.

“బావా, మా అప్ప పోనాది. రాత్రి బాగానే తొంగుంది, తెల్లారి నెగనేదు. ఎప్పటికొస్తావు? ఈదిలో పిల్లలున్నారు, ఆకలికి ఆగరు.”

వాళ్ల ఊళ్లో శవం లేచేదాకా ఆ వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించరు.

ఎర్రన్న ఫోను పెట్టెయ్యలేదు. ఆఫీసు గోడ మీది దేశపటానికి నన్ను ఆనించాడు. నా ఒక కొస ఆ కొండల మీద, ఇంకో గీత మా జిల్లాలో జీడితోటల పక్కనున్న చిన్న విమానాశ్రయం మీద. నాలుగున్నర అంగుళాలు. అంగుళానికి అరగంట వేసుకున్నాడు.

“రైలైతే మెలికలు తిరుగుతాది. ఇమానం తిన్నగా వస్తాది గదా. మద్దినేలకి అక్కడుంటాను. దాని మొకం సూడాల. నానొచ్చీదాకా నెగపకండిరా.”

“నువ్వేసిన ఇమానాల దారని నీకోసం తిన్నగా వస్తాదేటి బావా?”

“వస్తాది. అట్టిపెట్టండి.”

విమానం తిన్నగా రాలేదు. ముందు పడమటికి, గౌహతి పోయింది. అక్కడ కూర్చోబెట్టారు. తర్వాత కలకత్తా. అక్కడా కూర్చోబెట్టారు. పొద్దు వాలుతుండగా హైదరాబాదు విమానం ఎక్కించారు. కింద సముద్రం అంచు కనిపించింది. అది మన తీరమేనని పక్కసీటాయన చెప్పాడు.

“బాబూ, ఇక్కడ దింపెయ్యమనవా? ఇదే మా ఊరు.”

“బస్సేంటయ్యా ఇది?” అని ఆయన నవ్వాడు.

ఊరు కిందనుంచి వెనక్కి పోయింది. ఊరికి వచ్చామో, ఊరు దాటామో నాకు తెలియలేదు. హైదరాబాదు నుంచి మా జిల్లాకు విమానం మళ్లీ మర్నాడే.

మర్నాడు ఎర్రన్న వీధి మొగలో ఆగిపోయాడు. ప్రతి ఇంటి కప్పు మీదా పొగ. ఎవరింట్లోనో పోపు వాసన.

సన్యాసి ఎదురొచ్చాడు. “పొద్దుగూకేదాకా సూసినాం బావా. పసోళ్లు సొమ్మసిల్లిపోనారు.”

ఎర్రన్న అతన్ని దాటి నడిచాడు. ఈనాటికీ ఇద్దరికీ మాటల్లేవు. పిల్లల ఆకలి చూసినవాడిది తప్పా, నన్ను నమ్మినవాడిదా? నాకు తేలలేదు. మనుషులకూ తేలినట్టు లేదు.

ఇప్పుడు ఊళ్లో ఎర్రన్న ఇంట్లో నేను కిటికీ రెక్కకు అడ్డుకర్రని. పైన విమానం చప్పుడైతే ఎర్రన్న వచ్చి నన్ను లాగేసి, కిటికీ మూస్తాడు. వీధిలో పొయ్యిలన్నీ ఆరాక తన పొయ్యి వెలిగిస్తాడు.

నేను అబద్ధం చెప్పలేదు. అక్కడికీ ఇక్కడికీ ఇప్పటికీ నాలుగున్నర అంగుళాలే.